నిచ్చెన ఎక్కే ముందు

చీమకుర్తి ప్రకాశం జిల్లాలో ఉంది. ఒంగోలు నుంచి పొదిలి పోయే దారిలో, సుమారు 20 కిలోమీటర్ల దూరాన వస్తుంది. ఇక్కడి భూమిలో నల్లరాయి దొరుకుతుంది. ఆ రాయికి పాలిష్ పెడితే లోపల బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి. చీకటి రాత్రి ఆకాశంలో నక్షత్రాల్లాగా ఉంటాయి. అందుకే దానికి బ్లాక్ గెలాక్సీ అని పేరు వచ్చింది. ఈ రాయి ఓడలెక్కి ఎన్నో దేశాలకు పోతుంది.

రాయి ఉన్నచోట పని ఉంటుంది. క్వారీలో పని. పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఊరు పెరిగే కొద్దీ ఇళ్ళు కట్టే బేల్దారి పని. ఈ పనులన్నిటిలోనూ కనిపించే వస్తువు ఒకటి ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు. డీజిలు అక్కర్లేదు. రెండు బొంగులు, పది పన్నెండు మెట్లు. అదే నిచ్చెన.

క్రేను దగ్గరికి పోవాలంటే అందరికీ భయమే. నిచ్చెన అంటే ఎవరికీ భయం లేదు. పిల్లలు కూడా ఎక్కుతారు. భయం లేదు కాబట్టే దాన్ని ఎవరూ చూడరు. ఆనించడం, ఎక్కడం, అంతే.

ఒక అత్త చూసింది. ఆమె సంగతే ఈ పాఠం.

అత్తకు బేల్దారి పని ఇరవై ఏళ్ళ నుంచి అలవాటు. కోడలు కొత్తగా పనికి వచ్చింది. అంతకు ముందు మిరపకాయల కోతకు, పత్తి తీతకు పోయేది. నేల మీద చేసే పని తెలుసు గాని ఎత్తు మీద పని తెలియదు. ఆ రోజు ఒక ఇంటికి శ్లాబు మీద పిట్టగోడ కడుతున్నారు. శ్లాబు 12 అడుగుల ఎత్తులో ఉంది. ఇటుకలు, మాలు పైకి చేరాలి. మేస్త్రి పైనుంచి కేకేశాడు.

"రాండమ్మా, పొద్దెక్కుతుంది. తట్టలు అందుకోండి."

కోడలు కొంగు బిగించింది. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. ఎనిమిది ఇటుకలు తట్టలో పెట్టించుకుని నిచ్చెన దగ్గరికి నడిచింది.

"ఆగమ్మా," అంది అత్త. "తట్ట దించు."

"ఏందత్తా? మేస్త్రి అరుస్తున్నాడు."

"అరవనీ. ముందు నిచ్చెన దించుదాం. దాన్ని పడుకోబెట్టి చూడాలి."

పడుకోబెట్టి చూడటం

నిలబెట్టిన నిచ్చెనలో లోపాలు కనపడవు. పై మెట్లు కంటికి అందవు. అందుకని నేల మీద పడుకోబెట్టాలి. ఒక పక్క చూశాక తిరగేసి రెండో పక్క చూడాలి. అయిదు నిమిషాల పని.

అత్త మొదట బొంగుల మీద చెయ్యి వేసింది. ఆ నిచ్చెన వెదురుది. వెదురు ఎండకు ఎండి, వానకు తడిసి నిలువునా చీలుతుంది. చీలిక సన్నగా వెంట్రుకలా ఉంటుంది. కంటికి ఆనకపోయినా గోటికి తగులుతుంది. కణుపు దగ్గర మొదలైన చీలిక ఇంకో కణుపు దాకా పోయిందంటే ఆ బొంగు పనికిరాదు.

తర్వాత బొంగును చిన్న రాయితో తట్టింది. గట్టి వెదురు ఖంగుమంటుంది. పుచ్చిన వెదురు బొద్దుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు ఆడవాళ్ళు వేలితో కొట్టి చూస్తారు గదా, అదే తెలివి ఇక్కడా పనికొస్తుంది. అడుగున సన్నటి పసుపు పచ్చ పొడి రాలి ఉంది. పిండిలాగా ఉంది. అది పురుగు తొలిచిన పొడి. పైకి బొంగు బాగానే కనిపిస్తుంది. లోపల గుల్ల.

ఇక మెట్లు. ఒక్కొక్క మెట్టును రెండు చేతులతో పట్టుకుని తిప్పాలి. తిరిగిందంటే కట్టు వదులైనట్టే. అడుగు నుంచి నాలుగో మెట్టు తిరిగింది. దాన్ని కట్టిన తాడు పోగులు లేచి ఉంది. పక్కన ఒక మేకు కొట్టి ఉంది. ఆ మేకు తుప్పు పట్టింది. మేకు కొట్టిన చోటే వెదురు చీలింది.

"ఇదిగో, చూడు," అని కోడలి వేలు పట్టుకుని ఆ చీలిక మీద పెట్టింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

మేస్త్రి కిందికి వచ్చాడు. కిందికి ఎట్టా వచ్చాడు అంటారా? వెనక మెట్లకు ఇంకా రెయిలింగు లేదు, సెంట్రింగు కర్రలు తీయలేదు. వాటిని తప్పించుకుంటూ వచ్చాడు. కోపంగానే వచ్చాడు.

"నిన్న నేను ఎక్కలా? ఏమన్నా అయిందా?"

"నువ్వు చేతులు ఊపుకుంటా ఎక్కావు అన్నా. మేము తట్టతో ఎక్కాలి," అంది అత్త.

ఆ మాటలో లెక్క ఉంది. ఒక ఇటుక సుమారు 3 కిలోలు తూగుతుంది. ఎనిమిది ఇటుకలు 24 కిలోలు. మనిషి 50 కిలోలు. మొత్తం 74 కిలోలు ఆ నాలుగో మెట్టు మీద పడుతుంది. ఒకసారి కాదు, రోజుకు అరవై సార్లో డెబ్బై సార్లో పడుతుంది. నిన్న ఆగిన మెట్టు ఈ రోజు ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

"పూట కూలి పోతుంది మీకు," అన్నాడు మేస్త్రి.

ఇది ఉత్త బెదిరింపు కాదు. కూలి పోయిన రోజులు ఆమె చూసింది. అయినా మాట మార్చలేదు. ఎందుకో కోడలికి తెలియదు. తర్వాత చెప్పింది.

ఏడు అడుగులే

చాలా ఏళ్ళ క్రితం అత్త ఒక పాలిష్ ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి పోయేది. రాయి కోసేటప్పుడు నీళ్ళు పోస్తారు. రాతి పొడి, నీళ్ళు కలిసి బురద అవుతుంది. ఆ బురద పడిన నేల నూనె పోసినట్టు జారుతుంది. ఒక రోజు రేకుల కింద లైటు తుడవమని ఒక ఆవిడను నిచ్చెన ఎక్కించారు. అడుగు భాగం ఎవరూ పట్టుకోలేదు. పైన కట్టలేదు. నిచ్చెన కాళ్ళు బురదలో జారాయి. ఆవిడ ఏడు అడుగుల ఎత్తు నుంచి వెల్లకిలా పడింది. ఏడు అడుగులంటే తలుపు ఎత్తు.

చుట్టూ ఉన్నవాళ్ళు మంచి మనసుతోనే పరుగెత్తారు. ఇద్దరు రెక్కలు, ఇద్దరు కాళ్ళు పట్టి ఎత్తారు. ఆటోలో మడిచి కూర్చోబెట్టారు. ఆవిడ బతికింది. మళ్ళీ తట్ట ఎత్తలేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. ఎత్తు నుంచి పడ్డ మనిషి మెడ నొప్పి అన్నా, నడుము నొప్పి అన్నా, కాళ్ళు తిమ్మిరి అన్నా, స్పృహ తప్పినా కదిలించకూడదు. లేపి కూర్చోబెట్టకూడదు. వెన్నుపూస విరిగి ఉంటే మనం ఎత్తే ఎత్తుకే లోపలి నరం తెగవచ్చు. 108కి ఫోను చేయాలి. బండి వచ్చేదాకా తల కదలకుండా రెండు చేతులతో అటూ ఇటూ ఆనించి పట్టుకోవాలి. ఊపిరి ఆడుతుందో లేదో చూస్తూ ఉండాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. నీళ్ళు తాగించకూడదు. పైనుంచి ఇంకా ఏదన్నా పడే ప్రమాదం ఉంటే తప్ప ఆ చోటు నుంచి జరపకూడదు.

పని చేస్తూ దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ సంగతులు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసి ఉన్నాయి. ఈ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఇంటి పని, రోడ్డు పని వంటి నిర్మాణ పనులు చేసేవాళ్ళు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. వయసు 18 నిండి 60 లోపు ఉండాలి. గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు ఆ పని చేసి ఉండాలి. తట్ట మోసే ఆడవాళ్ళు కూడా నిర్మాణ కార్మికులే. మేస్త్రి పేరు మాత్రమే రాయించి, ఆడవాళ్ళ పేరు వదిలేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. అది తప్పు. ఎవరి కార్డు వాళ్ళకు ఉండాలి.

పాత నిచ్చెన ఏమయింది

మేస్త్రి కాసేపు నిచ్చెన చుట్టూ తిరిగాడు. మెట్టు తనే తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. "సరే, అవతల పడేయండి. కొత్తది తెప్పిస్తా," అన్నాడు.

"అవతల పడేస్తే రేపు ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఎక్కుతారు," అంది అత్త. "గొడ్డలి ఇవ్వు."

నిచ్చెనను మూడు ముక్కలు చేశారు. ఆ ముక్కలు సాయంత్రం పొయ్యిలోకి పోయాయి. పాడయిన నిచ్చెనకు అంతకన్నా మంచి చోటు లేదు.

కొత్తది సర్వి కర్రలతో చేసింది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో పెరిగే సరుగుడు చెట్ల కర్రలు అవి. మెట్టు కూర్చునే చోట బొంగుకు గాడి తీశారు. గాడిలో మెట్టు కూర్చోబెట్టి గట్టిగా కట్టారు. ఉత్త మేకు మీద ఆధారపడలేదు. మెట్టుకు మెట్టుకు మధ్య దూరం అంతా ఒకటే ఉంది. సుమారు ఒక అడుగు. ఒకటి దగ్గర, ఒకటి దూరం ఉంటే దిగేటప్పుడు కాలు తప్పుతుంది. దిగేటప్పుడు కాలు చూడదు, అలవాటును బట్టి పోతుంది.

మేస్త్రి ఇంట్లో మిగిలిన రంగు తెచ్చి నిచ్చెనకు వేద్దామన్నాడు. అందంగా ఉంటుందట. కర్ర నిచ్చెనకు రంగు వేయకూడదు. రంగు కింద చీలిక దాక్కుంటుంది. నూనె రాయవచ్చు. నూనె రాస్తే నీళ్ళు పీల్చదు, కర్ర కంటికి కనపడుతుంది.

ఇనుప నిచ్చెనకు వేరే పరీక్ష ఉంది. వెల్డింగు పెట్టిన చోట పగులు చూడాలి. తుప్పు గీకి చూడాలి. అల్యూమినియం నిచ్చెన అయితే బొంగు వంగిందా, కాళ్ళకు రబ్బరు ఉందా చూడాలి. రబ్బరు పోతే అది పాలిష్ బండ మీద పిల్లల జారుడుబల్లే. రెండు కాళ్ళు విప్పి నిలబెట్టే నిచ్చెనను పూర్తిగా విప్పాలి. మధ్య పట్టీ బిగుసుకోవాలి. దాని నెత్తి మీద నిలబడకూడదు.

ఎట్టా ఆనించాలి

కొత్త నిచ్చెన వచ్చింది. మరి ఎంత దూరంలో ఆనించాలి?

మరీ గోడకు దగ్గరగా నిలబెడితే మనిషి బరువుకు వెనక్కి వస్తుంది. మరీ దూరంగా పెడితే కాళ్ళు జారతాయి, మధ్యలో వంగుతుంది. దీనికి ఒక లెక్క ఉంది. నాలుగుకు ఒకటి. పైన ఆనే చోటు 4 అడుగుల ఎత్తులో ఉంటే కింద 1 అడుగు దూరం. 8 అడుగులకు 2 అడుగులు. మన శ్లాబు 12 అడుగులు. కాబట్టి గోడకు 3 అడుగుల దూరంలో నిచ్చెన కాళ్ళు ఉండాలి.

టేపు లేకపోతే? చేతులు ఉన్నాయి. నిచ్చెన కాళ్ళకు మీ కాలి వేళ్ళు తగిలేటట్టు నిటారుగా నిలబడండి. రెండు చేతులు భుజాల ఎత్తులో ముందుకు చాపండి. అరచేతులు ఎదురుగా ఉన్న మెట్టుకు సరిగ్గా అందాలి. మోచెయ్యి మడవాల్సి వస్తే నిచ్చెన మరీ నిటారుగా ఉంది. అందకపోతే మరీ వాలి ఉంది.

అత్త చేతులు చాపి నిలబడితే కోడలికి నవ్వొచ్చింది. దేవుడికి దణ్ణం పెట్టినట్టు ఉందంది. తర్వాత తనూ నిలబడి చూసింది.

నిచ్చెన పొడుగు కూడా చాలాలి. శ్లాబు అంచు దాటి ఇంకా 3 అడుగులు పైకి ఉండాలి. ఎందుకు? పైకి చేరాక నిచ్చెన వదిలి శ్లాబు మీద కాలు పెట్టాలి గదా. ఆ క్షణంలో చేతికి ఏదో ఒకటి పట్టు ఉండాలి. ఎక్కేటప్పుడు కంటే ఆ దాటే క్షణంలోనే గుండె జారుతుంది. 12 అడుగుల శ్లాబుకు 16 అడుగుల నిచ్చెన కావాలి. పొట్టిగా ఉందని కింద ఇటుకలు పేర్చి, డ్రమ్ము పెట్టి, దాని మీద నిచ్చెన నిలబెట్టేవాళ్ళు ఉన్నారు. రెండు నిచ్చెనలను తాడుతో అతికేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను చూసి నేర్చుకోవద్దు.

పైన రెండు బొంగులనూ గట్టి ఊచకో, స్తంభానికో కట్టాలి. కట్టేదాకా కింద ఒక మనిషి పట్టుకోవాలి. పట్టుకున్న మనిషి బీడీ ముట్టించుకోకూడదు, దారినపోయే వాళ్ళతో మాట్లాడకూడదు. కింద నేల గట్టిగా, సమంగా ఉండాలి. కంకర గుట్ట మీద నిచ్చెన నిలవదు. క్వారీలో రాతి ముక్కలు రాలిన చోట కూడా అంతే, ముందు ఆ ముక్కలు ఊడ్చి చదును చేయాలి. బండల నేల అయితే కాళ్ళు జారకుండా కిందినుంచి కూడా మేకుకో గుంజకో కట్టాలి. ఉత్త గోనెసంచి పరిస్తే చాలదు. తడిస్తే సంచితో సహా జారుతుంది.

తల పైకెత్తి కరెంటు తీగలు చూడాలి. చాలామంది ఇది మర్చిపోతారు. కిందికి చూస్తారు, గోడ చూస్తారు, పైకి చూడరు. తీగకు కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. నిచ్చెనను మోసుకుపోయేటప్పుడు నిలబెట్టి మోయకూడదు. ఇనుము, అల్యూమినియం అయితే తీగ దగ్గరికి తేనేకూడదు. కర్రలో కరెంటు పారదు గదా అంటారు. తడి కర్రలో పారుతుంది.

తట్ట సంగతి

అంతా అయింది. కోడలు మళ్ళీ తట్ట నెత్తికెత్తుకుంది. అత్త మళ్ళీ ఆపింది. ఈసారి మేస్త్రి కూడా విన్నాడు.

నిచ్చెన మీద ఎప్పుడూ మూడు పట్టులు ఉండాలి. రెండు కాళ్ళు, ఒక చెయ్యి. లేదా రెండు చేతులు, ఒక కాలు. తట్టను ఒక చేత్తో పట్టుకుని ఎక్కితే కాలు ఎత్తిన ప్రతిసారీ రెండే పట్టులు మిగులుతాయి. రోజుకు వందల సార్లు అట్టా జరుగుతుంది. నెత్తి మీద బరువు ఉంటే మెడ వంచి కింది మెట్టు చూడటం కూడా కుదరదు. బొత్తిగా గుడ్డి పని.

"మరి ఇటుకలు వాటంతట అవి ఎక్కుతాయా?" అన్నాడు మేస్త్రి.

"బావిలో నీళ్ళు వాటంతట అవే పైకొచ్చాయా? గిలక వేసి చేదలేదూ?" అంది అత్త.

శ్లాబు మీద గట్టి దూలం కట్టి గిలక వేశారు. దూలం వెనక కొసకు బరువు పెట్టి, కదలకుండా బిగించారు. తాడుకు గట్టి ఇనుప బకెట్టు కట్టారు. కింద ఇద్దరు లాగితే పైన ఒకరు అందుకున్నారు. బకెట్టు లేచేటప్పుడు దాని కింద ఎవరూ నిలబడలేదు. మొదటి గంట పని నెమ్మదిగా సాగింది. తర్వాత చెయ్యి తిరిగింది. మధ్యాహ్నానికి మేస్త్రి గొణుగుడు తగ్గింది. కూలి కోయలేదు.

దీనివల్ల ఇంకో మేలు జరిగింది. హెల్మెట్లు ఇస్తే ఆడవాళ్ళు పెట్టుకోరని చాలామంది అంటారు. చుట్టకుదురు మీద తట్ట పెట్టుకునే నెత్తి మీద హెల్మెట్టు ఎట్టా ఆగుతుంది? తట్ట దిగింది కాబట్టి హెల్మెట్టు ఎక్కింది.

నిచ్చెన ఎక్కేది ఇక మనిషి ఒక్కటే. ఒకసారికి ఒక్కరే. నిచ్చెన వైపు మొహం పెట్టి ఎక్కాలి, మొహం పెట్టే దిగాలి. బొడ్డు రెండు బొంగుల మధ్యే ఉండాలి. పక్కకు వంగి అందుకోబోతే బొడ్డు బొంగు దాటుతుంది. అప్పుడు దిగి నిచ్చెననే జరపాలి. దిగడానికి బద్ధకించి పడినవాళ్ళు ఎందరో.

చీర కుచ్చిళ్ళు కాలికి తగలకుండా ఎగదోపుకోవాలి. చీర మీద చొక్కా తొడుక్కుంటారు గదా, ఆ చొక్కా అంచు కూడా వదులుగా వేలాడకూడదు. హవాయి చెప్పులతో ఎక్కకూడదు, మడమ దగ్గర పట్టీ లేని చెప్పు మెట్టుకు తట్టుకుని జారుతుంది. కాలికి అంటిన మాలు, బురద తుడుచుకోవాలి. కళ్ళు తిరుగుతున్నా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ రోజు ఎక్కనని చెప్పాలి. పొగాకు బేరన్లలో కర్ర మీది నుంచి కర్ర మీదికి కాళ్ళు పెట్టి ఎక్కే అలవాటు ఉన్నవాళ్ళకు ఇదంతా చాదస్తంగా అనిపించవచ్చు. అక్కడ కూడా పడినవాళ్ళు ఉన్నారు.

పిల్లల సంగతి మరవకూడదు. పనికి వచ్చిన తల్లులు చంటిపిల్లలకు చీరతో ఉయ్యాల కడతారు. ఆ ఉయ్యాల నిచ్చెన కింద గాని, గిలక కింద గాని ఉండకూడదు. సాయంత్రం పని ఆగాక నిచ్చెన దించి పడుకోబెట్టాలి. నిలబెట్టి పోతే పిల్లలు ఎక్కుతారు. నీడలో, నేలకు తగలకుండా మూడు చోట్ల ఇటుకలు పెట్టి వాటి మీద ఉంచితే వంగదు, చెదలు పట్టదు.

ఆ సాయంత్రం కోడలు ఒక రేకు ముక్క ఏరుకొచ్చింది. దానికి మేకుతో చిల్లి పొడిచింది. కొత్తగా నేర్చిన అక్షరాలు బొగ్గుతో రాసింది. "చూశాం" అని రాసి కింద తేదీ వేసింది. సున్నా పెద్దదయింది. మళ్ళీ తుడిచి రాసింది. ఆ రేకును నిచ్చెన కింది మెట్టుకు తీగతో కట్టింది. రోజూ పొద్దున నిచ్చెన పడుకోబెట్టి చూశాక ఆ తేదీ మార్చాలని అనుకున్నారు.

మూడో రోజు మేస్త్రి అందరికంటే ముందు వచ్చాడు. నిచ్చెన ఎక్కబోయి ఆగాడు. రేకు మీద నిన్నటి తేదీ ఉంది. కిందికి దించి, మెట్లు ఒక్కొక్కటి తిప్పి చూడటం మొదలుపెట్టాడు. తేదీ మాత్రం కోడలు వచ్చాకే మార్చారు.

లెక్క చేయండి

1. మీ ఇంటి అటక 8 అడుగుల ఎత్తులో ఉంది. నిచ్చెన కాళ్ళు గోడకు ఎంత దూరంలో ఉండాలి?

2. ఒక గోడ 16 అడుగుల ఎత్తు ఉంది. నిచ్చెన కాళ్ళు 2 అడుగుల దూరంలో పెట్టారు. ఏం జరగవచ్చు? ఎంత దూరంలో పెట్టాలి?

3. మీరు పని చేసే చోట నిచ్చెన ఉందా? రేపు దాన్ని పడుకోబెట్టి చూడండి. ఏ మెట్టు తిరిగిందో పలక మీద రాసుకుని రండి.